50 వేలలో కెమెరానా, క్యామ్‌కార్డరా, రెండూనా? పిల్లలున్న ఇంటికి నా సలహా

మీ ప్రశ్నలోంచి నేను తీసుకున్న వివరాలు ఇవి. రాజమండ్రిలో ఉంటారు. పెద్దపాప ఒకటో తరగతి, కూచిపూడి నేర్చుకుంటోంది, జనవరిలో స్కూల్ వార్షికోత్సవం. బాబుకి ఎనిమిది నెలలు, మొదటి పుట్టినరోజు దగ్గర పడుతోంది. మాఘమాసంలో మీ తమ్ముడి పెళ్లి. బడ్జెట్ 50 వేలు. మీవారు చిన్న డిజిటల్ కెమెరా చాలంటున్నారు, మావయ్యగారు హ్యాండీక్యామే (అంటే క్యామ్‌కార్డరే) మంచిదంటున్నారు, డాలస్‌లో ఉన్న బావగారు ‘మోడల్ పేరు చెప్పండి, వచ్చేటప్పుడు తెస్తాను’ అన్నారు. అటక మీద మావయ్యగారి పాత మినీ డీవీ (చిన్న డిజిటల్ టేపు మీద తీసే) క్యామ్‌కార్డర్, ఒక డబ్బా టేపులు కూడా ఉన్నాయి.

ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. రెండు వస్తువులు కొనకండి. ఇంట్లో ఈమధ్యే కొన్న మంచి ఫోన్ ఉందని రాశారు. ఆ ఫోన్ బాగా చేసే పని కోసం మళ్లీ డబ్బు పెట్టడం దండగ. ఫోన్‌కి చేతకాని పని ఏదో చూసుకుని, అది చేసే వస్తువు ఒక్కటి తీసుకోండి. మీ ఇంటికి సంబంధించినంతవరకు ఆ పని దూరంగా ఉన్న స్టేజీ.

బాబు పాకుతున్నాడు, బోర్లా పడి నవ్వుతున్నాడు, అమ్మమ్మ ఒళ్లో కూర్చుని పప్పన్నం పూసుకుంటున్నాడు. ఇవన్నీ నాలుగడుగుల దూరంలో జరుగుతాయి, చెప్పకుండా జరుగుతాయి. బీరువాలో ఉన్న కెమెరా తీసి, మూత తెరిచి, ఆన్ చేసేలోపు వాడు ఏడుపు మొదలుపెడతాడు. ఇక్కడ ఫోన్‌ని మించింది లేదు. వెలుతురు తక్కువైనా నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేసుకుంటుంది, తీసిన నిమిషంలో డాలస్‌కి వెళ్లిపోతుంది. 20 వేల లోపు దొరికే చిన్న కెమెరాలు ఈ పనిలో ఫోన్ కన్నా వెనకే. ఆ తరగతిలో కోడాక్ పేరుతో ఎఫ్‌జడ్55 లాంటివి ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. పదిహేనేళ్ల కిందటి ఫొటోల్లా కనిపిస్తాయని కాలేజీ పిల్లలు సరదాపడి కొంటున్నారు. వాళ్ల సరదా వాళ్లది, మీ పని దాంతో జరగదు.

ఇలా ఎందుకయిందో కూడా తెలుసుకోవడం మంచిది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం ‘సీపా’ లెక్క ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికెళ్లాయి. 2023కి అది 80 లక్షల లోపుకి పడిపోయింది. పడిపోయినవాటిలో ఎక్కువ భాగం సరిగ్గా మీవారు అడుగుతున్న రకమే, అంటే జేబులో పట్టే ఇంటి కెమెరా. ఇప్పుడు షాపులో మిగిలినవి యూట్యూబ్ వీడియోలు తీసుకునేవాళ్ల కోసమో, పక్షులను తీసేవాళ్ల కోసమో చేసినవి. షాపువాళ్లు వాటినే ‘ఫ్యామిలీకి బెస్ట్ మేడమ్’ అంటారు. వాళ్ల దగ్గర ఉన్నది అదే కాబట్టి అంటారు.

ఇక స్టేజీ సంగతి. వార్షికోత్సవంలో ముందు రెండు మూడు వరసలు అతిథులకి, స్కూల్ వాళ్లకి పోతాయి. మీకు దొరికే కుర్చీ నుంచి స్టేజీకి 24 మీటర్లు, అంటే దాదాపు 80 అడుగులు ఉంటుందనుకోండి. లెక్క తేలిక. ఫోన్ మెయిన్ కెమెరా సాధారణంగా 24 మి.మీ. లెన్సుతో సమానం. అంత దూరంలో అది 36 మీటర్ల వెడల్పు చూస్తుంది. అందులో మీ పాప ఒక చుక్క. 70 మి.మీ. దాకా జూమ్ ఉన్న కెమెరా 12 మీటర్ల వెడల్పు చూస్తుంది, అంటే స్టేజీ మొత్తం. 200 మి.మీ.కి వెళ్తే 4.3 మీటర్లు, పాప పక్కన మరో ముగ్గురు పిల్లలు. 400 మి.మీ.కి వెళ్తే 2.2 మీటర్లు, పాప ఒక్కతే తల నుంచి గజ్జెల దాకా నిండుగా. మీకు కావలసింది ఈ ఆఖరిది. కెమెరా పెట్టె మీద ‘4ఎక్స్, 30ఎక్స్’ అని రాసే అంకెల్ని పట్టించుకోకండి, ఒక్కో కెమెరా ఒక్కో చోట మొదలవుతుంది. ‘35 మి.మీ.తో పోలిస్తే ఎంత నుంచి ఎంత’ అన్న అంకె చూడండి. రెండో అంకె 400కి దగ్గరగా ఉందా లేదా, అంతే. డిజిటల్ జూమ్ అన్నది తీసిన బొమ్మను కత్తిరించి సాగదీయడమే. ఆ పని ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో మీరూ చేయగలరు.

అంత జూమ్ చిన్న కెమెరాలో దొరకదా అంటే దొరుకుతుంది. క్యానన్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్ 24 నుంచి 960 మి.మీ. దాకా వెళ్తుంది, పానాసోనిక్ టీజడ్99 720 దాకా. రెండూ చొక్కా జేబులో కాకపోయినా హ్యాండ్‌బ్యాగ్‌లో పడతాయి. పగటిపూట పాపికొండలు బోటులో, పార్కులో బ్రహ్మాండంగా ఉంటాయి. చిక్కు వెలుతురు దగ్గర వస్తుంది. వీటి సెన్సర్ (వెలుతురుని బొమ్మగా మార్చే చిప్పు) వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. పైగా పూర్తిగా జూమ్ చేసేసరికి ఎస్‌ఎక్స్740 లెన్సు రంధ్రం ఎఫ్/6.9కి ముడుచుకుపోతుంది. ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుందని గుర్తుంచుకుంటే చాలు. ‘ఒక అంగుళం సెన్సర్’ అనే రకం 13.2 × 8.8 మి.మీ. ఉంటుంది, అంటే 116 చదరపు మిల్లీమీటర్లు. ఆ సెన్సర్‌తో, పూర్తి జూమ్‌లో కూడా ఎఫ్/4 ఇచ్చే లెన్సు దొరికితే, ఎస్‌ఎక్స్740 కన్నా సుమారు 12 రెట్లు వెలుతురు పోగవుతుంది. రాత్రి 8 గంటలకి ఎరుపు, నీలం లైట్ల కింద గంతులేసే పిల్లల్ని తీసేటప్పుడు ఆ 12 రెట్లు ఏమిటో తెలుస్తుంది. మొదటిదాంట్లో ముఖం నూకలు చల్లినట్టు వస్తుంది, రెండోదాంట్లో ముక్కుపుడక కనిపిస్తుంది.

అందుకని మీకు నేను చెప్పే వస్తువు కొత్తది కాదు, జేబులో పట్టేదీ కాదు. పానాసోనిక్ లూమిక్స్ ఎఫ్‌జడ్1000. 2014లో వచ్చింది. ఒక అంగుళం సెన్సర్, 25 నుంచి 400 మి.మీ. జూమ్, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4. 4కె (మామూలు హెచ్‌డీ కన్నా బాగా స్పష్టమైన) వీడియో తీస్తుంది, పక్కకి తిరిగే స్క్రీన్ ఉంది, బయటి మైక్ పెట్టుకునే సాకెట్ ఉంది, ఫ్లాష్ ఉంది, లెన్సులోనే వణుకు తగ్గించే ఏర్పాటు ఉంది. బరువు 830 గ్రాములు. చూడ్డానికి పెద్ద కెమెరాలా ఉంటుంది కానీ లెన్సులు మార్చే తలనొప్పి లేదు. సెకండ్ హ్యాండ్‌లో మీ బడ్జెట్ లోపలే చూసుకోవచ్చు. దీని తర్వాతి మోడల్ ఎఫ్‌జడ్1000 మార్క్ 2 (2019) దొరికితే ఇంకా మంచిది. సోనీలో ఇదే పని ఆర్‌ఎక్స్10 మార్క్ 3, మార్క్ 4 ఇంకా బాగా చేస్తాయి, 600 మి.మీ. దాకా వెళ్తాయి. కానీ వాటి ధర మీకు అందదు. చిన్న సైజులో ఈ పనికి దగ్గరగా వచ్చేది సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7, కానీ 200 మి.మీ. దగ్గర ఆగిపోతుంది, ధర కూడా మీరు చెప్పిన దానికి పైనే.

‘830 గ్రాములు ఎవరు మోస్తారు’ అని మీవారు అంటారు. సరైన మాటే. అయితే ఇది రోజూ మోసే వస్తువు కాదు. ఏడాదికి స్కూల్ ఫంక్షన్లు, డాన్స్ ప్రోగ్రాములు, రెండు పెళ్లిళ్లు, ఒక ఊరి ప్రయాణం. మిగతా రోజులకి ఫోన్ ఉంది.

ఇప్పుడు మావయ్యగారి వైపు కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఆయన చెప్పినదాంట్లో చాలా నిజం ఉంది. క్యామ్‌కార్డర్ వీడియో కోసమే పుట్టింది. అరచేతిలో పట్టీ బిగించి గంటసేపు పట్టుకున్నా మణికట్టు లాగదు. జూమ్ మీట మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే వేగంగా కదులుతుంది, చప్పుడు రాదు. బ్యాటరీ బయటికి తగిలించేది కాబట్టి చాలా మోడళ్లలో పెద్దది పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో ఆగదు. ఫొటో కెమెరాలు చాలావాటిలో ఒక క్లిప్ 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోతుంది. 30 నిమిషాలు దాటి రికార్డు చేసేదాన్ని యూరప్‌లో వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టుకున్న గీత అది. సుంకం గొడవ తీరిపోయినా పాత మోడళ్లలో గీత ఉండిపోయింది. కొన్నిటిలో ఇంకా తక్కువ. ఇన్‌స్టాగ్రామ్ పిల్లలు ఎగబడి కొంటున్న క్యానన్ జీ7 ఎక్స్ మార్క్ 3 4కెలో ఒక క్లిప్‌కి 10 నిమిషాలకి మించి తీయదు. పెళ్లిలో జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా ఆపకుండా తీయాలనుకుంటే ఇది తెలిసి ఉండాలి.

క్యామ్‌కార్డర్ లెన్సు ఇంకో మంచి గుణం, జూమ్ చేసినా అంతగా ముడుచుకోదు. పానాసోనిక్ హెచ్‌సీ-వీ785 29.5 నుంచి 612 మి.మీ. దాకా వెళ్లి కూడా ఎఫ్/3.6 దగ్గరే ఆగుతుంది. సోనీ ఎఫ్‌డీఆర్-ఏఎక్స్43 26.8 నుంచి 536 మి.మీ., చివర ఎఫ్/3.8. ఆ సోనీలో లెన్సు, సెన్సర్ కలిపి మొత్తం ఒక గుండులా తేలుతూ ఉంటాయి. నడుస్తూ తీసినా బొమ్మ కుదురుగా ఉండటం చూస్తే ముచ్చటేస్తుంది. మరి నేను క్యామ్‌కార్డర్ ఎందుకు చెప్పలేదంటే రెండు కారణాలు. ఒకటి, ఇళ్ల కోసం కొత్త మోడళ్లు రావడం దాదాపు ఆగిపోయింది. మంచివి ఖరీదు, చవకవి సెన్సర్‌లో బాగా చిన్నవి. సోనీ హెచ్‌డీఆర్-సీఎక్స్405 చవకే, కానీ దాని సెన్సర్ ఎస్‌ఎక్స్740 సెన్సర్ కన్నా కూడా చాలా చిన్నది. పగలు సరే, రాత్రి పెళ్లి పందిట్లో తేలిపోతుంది. రెండు, క్యామ్‌కార్డర్‌తో తీసిన ఫొటో ఫ్రేము కట్టించుకునేలా ఉండదు. మీకు ఒక్కటే కొనే వీలున్నప్పుడు ఫొటో కూడా తీసేది కావాలి.

అయినా వెతుకులాటలో మంచి స్థితిలో ఉన్న ఏఎక్స్43, లేదా 2016లో వచ్చిన ఏఎక్స్53 ఎదురైతే, దాన్ని మావయ్యగారే పట్టుకుంటానంటే, తీసుకోండి. ఇది చిన్న విషయం కాదు. ప్రోగ్రాం రోజున మీరు పాప జడ వేస్తూ తెర వెనక ఉంటారు. మీవారి ఒళ్లో బాబు. కెమెరా ఎవరి చేతిలో ఉంటుంది? ఆయన చేతికి అలవాటైన వస్తువైతే వీడియో వస్తుంది, లేకపోతే ఎంత గొప్ప సెన్సర్ ఉన్నా రాదు. కొనేముందు ఆయన చేతికిచ్చి, కళ్లజోడు పెట్టుకుని మెనూ అక్షరాలు చదవగలుగుతున్నారో లేదో చూడండి. అంగుళాల గొడవ ఆ తర్వాతే.

వ్లాగ్ కెమెరాల (తమని తామే వీడియో తీసుకునేవాళ్ల కెమెరాల) గురించి ఒక పేరా చాలు. సోనీ జడ్‌వీ-1ఎఫ్ మీ బడ్జెట్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి షాపులో ముందు అదే చూపిస్తారు. సెన్సర్ మంచిదే, ఒక అంగుళమే. కానీ 20 మి.మీ. దగ్గర బిగించేసిన లెన్సు, ఆప్టికల్ జూమ్ (లెన్సు కదిలి చేసే అసలు జూమ్) లేనే లేదు, ఫ్లాష్ లేదు. మీ ఫోన్ కన్నా వెడల్పుగా చూస్తుంది, మీకు కావలసింది దానికి తిరగబడి ఉంది. డీజేఐ ఆస్మో పాకెట్ 3 అని మోటార్ల మీద తేలే చిన్న కెమెరా ఉంది. పిల్లల వెనకాల పరిగెత్తి తీయడానికి దానంత బాగా ఏదీ ఉండదు. దానికీ ఆప్టికల్ జూమ్ లేదు. స్టేజీ అవసరం లేని ఇల్లయితే నేను అదే చెప్పేవాడిని.

పుట్టినరోజు సంగతి వేరు. సాయంత్రం, ఇంట్లో, కేకు మీద కొవ్వొత్తి, లైట్లు ఆర్పేస్తారు, పాతికమంది పిల్లలు కదులుతూ ఉంటారు. ఇక్కడ ఫోన్ నైట్ మోడ్ పనికిరాదు, కదిలేవాళ్లు మసకైపోతారు. కెమెరా ఫ్లాష్ వెలుగు సెకనులో వెయ్యో వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి కదులుతున్న చెయ్యి కూడా నిలబడిపోతుంది. ఫోన్‌లో ఉన్నది ఫ్లాష్ కాదు, టార్చిలైటు. ఎఫ్‌జడ్1000లో ఫ్లాష్ లేపి, ఆరేడడుగుల దూరం నుంచి తీయండి. బాబు ముఖానికి మరీ దగ్గరగా పెట్టి కొట్టొద్దు, జడుసుకుంటాడు, ముఖమూ సున్నం కొట్టినట్టు వస్తుంది. కొవ్వొత్తి ఊదే నిమిషం మాత్రం ఫ్లాష్ వద్దు, వీడియో పెట్టేయండి. ఆ పసుపు వెలుగు ఫ్లాష్‌తో చచ్చిపోతుంది.

డాలస్ నుంచి తెప్పించడం గురించి. ధర కలిసి రావచ్చు, కానీ ఒక సాంకేతిక చిక్కు ఉంది, షాపువాళ్లు చెప్పరు. మన కరెంటు సెకనుకి 50 ఆవర్తనాలు, అమెరికాలో 60. మన ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు ఆ లెక్కనే సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. అమెరికా లెక్కన సెకనుకి 30 లేదా 60 ఫ్రేములు (బొమ్మలు) తీసే కెమెరాకి తెలుస్తుంది. వీడియోలో గోడల మీద చారలు పాకుతాయి, వెలుగు ఊగుతుంది. సోనీ ఫొటో కెమెరాలు చాలావాటిలో మెనూలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి) నుంచి పాల్‌కి (మన పద్ధతికి) మార్చుకోవచ్చు. హ్యాండీక్యామ్‌లలో ఆ వీలు సాధారణంగా ఉండదు, అమెరికాలో కొన్నది జీవితాంతం 60లోనే ఉంటుంది. కాబట్టి క్యామ్‌కార్డర్ అక్కడి నుంచి తెప్పించొద్దు. ఫొటో కెమెరా తెస్తే షట్టర్ వేగం (ఒక్కో బొమ్మకి వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో చేత్తో పెట్టుకుంటే చాలావరకు చారలు పోతాయి. ఛార్జర్ల మీద ‘100-240’ అని ఉంటే మన కరెంటుకి సరిపోతుంది, పిన్ను మార్చుకుంటే చాలు. వారంటీ మాత్రం ఇక్కడ చెల్లుతుందన్న ఆశ పెట్టుకోకండి. బావగారు వచ్చే దారిలో జపాన్‌లో ఆగి కొంటానంటే వద్దనండి, అక్కడ అమ్మే కొన్ని సోనీ మోడళ్లలో మెనూ జపనీస్‌లో తప్ప ఇంకో భాషలో రాదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు వస్తువు చేతిలోకి తీసుకుని చూడకుండా డబ్బు పంపకండి. రాజమండ్రిలో దొరక్కపోతే విజయవాడ, లేదా హైదరాబాద్ కోఠి. ముందు ఫోన్ టార్చి వేసి లెన్సు లోపలికి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా తెల్లగా కనిపిస్తే ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. జూమ్ మొదటి నుంచి చివరికి అయిదారుసార్లు తిప్పి చెవి దగ్గర పెట్టుకోండి. కరకర వినిపిస్తే లోపలికి ఇసుక చేరిందన్నమాట. సముద్రం ఒడ్డున వాడిన కెమెరాలకి ఇది మామూలు జబ్బు. తర్వాత తెల్లగోడని ఎఫ్/8 పెట్టి ఫొటో తీసి స్క్రీన్ మీద పెద్దది చేస్తే, సెన్సర్ మీద దుమ్ము నల్లచుక్కలుగా కనిపిస్తుంది. లెన్సు ఊడని కెమెరాలో ఆ దుమ్ము తీయాలంటే మొత్తం విప్పాలి. సొంత కార్డు తీసుకెళ్లి 4కెలో పది నిమిషాలు ఆపకుండా తీయండి, వేడెక్కి ఆగుతుందేమో తెలుస్తుంది. తిరిగే స్క్రీన్ అన్ని కోణాల్లో తిప్పి చూడండి. ఒక కోణంలో ఆరిపోతుంటే లోపల వైరు పట్టీ తెగుతోందని అర్థం. అమ్మేవాళ్లు ఈలోపు ‘మేడమ్, ఒక్క డాక్టర్‌గారు వాడింది’ అంటూ ఉంటారు. అననివ్వండి.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాను. ఒక అదనపు బ్యాటరీ, కంపెనీదే. 4కె వీడియో 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకి 45 జీబీ అవుతుంది. కాబట్టి 128 జీబీ కార్డు ఒకటి, 64 ఒకటి. కార్డు మీద ‘వీ30’ లేదా ‘యూ3’ గుర్తు ఉండాలి, సెకనుకి కనీసం 30 ఎంబీ రాయగలదని దానర్థం. ఎస్‌డీ కార్డుల్లో నకిలీలు విపరీతం. 128 అని రాసి లోపల 16 పెడతారు, నిండేదాకా బయటపడదు. కొన్నరోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒకసారి నింపి చూడండి. తర్వాత ఒక మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు. 400 మి.మీ. జూమ్‌లో ఊపిరి పీల్చినా ఫ్రేము కదులుతుంది. మూడుకాళ్ల స్టాండు కుర్చీల మధ్య పెడితే వెనకవాళ్లు ఊరుకోరు, ఒంటికాలిదైతే మోకాళ్ల మధ్య ఇమిడిపోతుంది.

కార్యక్రమం రోజు కోసం నాలుగు మాటలు. పెళ్లి వీడియోల పనిలో చాలాకాలం ఉన్నవాడిని, ఇవి ఏ పుస్తకంలో చూసి చెప్పడం లేదు. వెనక నల్లతెర, ముందు స్పాట్‌లైటు ఉంటే కెమెరా మోసపోయి పాప ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని (వెలుతురు మోతాదుని) మైనస్ వైపు ఒక మెట్టు దించండి. క్యామ్‌కార్డర్ అయితే స్పాట్‌లైట్ మోడ్ పెట్టండి. కూచిపూడికి ముఖం మీద జూమ్ చేసి అలాగే ఉండిపోకండి, పాదాలు ఫ్రేములో ఉండాలి. గురువుగారు రేపు ఆ వీడియో చూసి తప్పులు చెప్పాలన్నా, రేపెప్పుడో పళ్లెం మీద తరంగం చేసినా, చూడాల్సింది అడుగులే. ముఖం కోసం అభినయం వచ్చే చరణం దాకా ఆగండి. స్పీకర్ బాక్సు ముందు కుర్చీ దొరికితే మారిపోండి, శబ్దం పగిలిపోతుంది. మైక్ లెవెల్ ఆటోలో కాకుండా తగ్గించి పెట్టండి. పక్కన ఎవరు కూర్చుంటున్నారో కూడా చూసుకోవాలి. కెమెరాకి దగ్గర్లో ఉన్న గొంతే గట్టిగా పడుతుంది, ‘మహాగణపతిం’ మీద పిన్నిగారి పట్టుచీర బేరం వినపడే వీడియోలు ఎన్ని ఎడిట్ చేశానో.

సెట్టింగు విషయంలో సతమతం కావొద్దు. పిల్లల కదలికకి 1080 (ఫుల్ హెచ్‌డీ)లో సెకనుకి 50 ఫ్రేములు హాయిగా ఉంటుంది, ఫైళ్లు చిన్నవి. స్టేజీకి మాత్రం 4కె పెట్టండి, తర్వాత కత్తిరించి దగ్గరికి తెచ్చుకోవచ్చు. రెండురకాల ఫైలు అడిగితే ఎంపీ4 ఎంచుకోండి, టీవీలో నేరుగా ఆడుతుంది. కొన్న మొదటిరోజే తేదీ, టైము సరిగ్గా పెట్టండి. పదేళ్ల తర్వాత బాబుది మొదటి పుట్టినరోజా రెండోదా అని వెతుక్కునేది ఆ తేదీ పట్టుకునే.

తీసినవి కార్డులోనే ఉంచి కార్డు నిండాక కొత్త కార్డు కొనే ఇళ్లు చాలా చూశాను. కార్డు దాచే వస్తువు కాదు. రెండు హార్డ్‌డిస్కులు కొనండి, రెండింటిలోనూ ఒకటే సరుకు, ఒకటి మీ ఇంట్లో, రెండోది పుట్టింట్లో. ఎప్పుడైనా గోదావరి గట్టు దాటినా, దొంగ వచ్చినా ఒకటి మిగులుతుంది.

మీ ఊరి తేమ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గోదావరి ఒడ్డున వానాకాలంలో బీరువాలో తోలు సంచిలో పెట్టిన లెన్సుకి ఫంగస్ పట్టడం ఖాయం. తోలు, గుడ్డ సంచులు తేమ పీల్చి పట్టుకుంటాయి. వంటింట్లో వాడే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో రంగు మారే సిలికాజెల్ పొట్లాలు, చిన్న తేమమీటరు. మీటరు 40 నుంచి 50 మధ్య ఉంటే మంచిది. సిలికాజెల్ రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ వేయండి. బియ్యంలో పెట్టకండి, పిండి లోపలికి పోవడం తప్ప లాభం లేదు. నెలకోసారి బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయండి. బ్యాటరీని నిండా ఛార్జ్ చేసో, పూర్తిగా దింపేసో నెలల తరబడి వదలొద్దు, సగంలో ఉంచండి.

ఇక అటక మీది టేపులు. నా లెక్కలో మీరు ముందు చేయాల్సిన పని ఇదే, కొత్త కెమెరా కన్నా ముందు. కెమెరా వచ్చే నెల కూడా దొరుకుతుంది. టేపు ఏటికేడు పాడవుతూనే ఉంటుంది, దాన్ని ఆడించే యంత్రాలూ తగ్గిపోతున్నాయి. టేపు కిటికీలోంచి చూసి రీలు అంచుల మీద తెల్లటి బూజు ఉంటే ఆ క్యామ్‌కార్డర్‌లో వేయకండి. హెడ్డుకి (టేపుని చదివే భాగానికి) అంటుకుని మిగతా టేపులకీ పాకుతుంది. అలాంటివి విడిగా పెట్టి, శుభ్రం చేసి ఎక్కించేవాళ్లకి ఇవ్వండి. బాగున్నవాటిని ముందు ఒకసారి చివరిదాకా చుట్టి, వెనక్కి చుట్టి, అప్పుడు ఆడించండి.

మినీ డీవీలో ఉన్నది డిజిటల్ సమాచారమే. మూడు రంగుల వైర్లు పెట్టి యూఎస్‌బీ డబ్బాతో ఎక్కించి ఇస్తామనే వాళ్లకి ఇవ్వొద్దు, నాణ్యత పోతుంది. క్యామ్‌కార్డర్‌కి ఫైర్‌వైర్ అనే పాతరకం కేబుల్ సాకెట్ ఉంటుంది, సోనీ అయితే దాని పక్కన ‘ఐ లింక్’ అని రాసి ఉంటుంది. అక్కడి నుంచి కంప్యూటర్‌కి నేరుగా వెళ్తే టేపులో ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది, గంట టేపుకి సుమారు 13 జీబీ, గంట సమయం. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ సాకెట్ లేదు. యాపిల్ కూడా 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహో నుంచి ఫైర్‌వైర్‌ని తీసేసింది. పాత డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు పెట్టుకుని పనిచేసే వీడియో మిక్సింగ్ వాళ్లు మీ ఊళ్లో కూడా ఒకరిద్దరు మిగిలే ఉంటారు, పెళ్లి వీడియోలు తీసే స్టూడియోల్లో అడగండి. పని అప్పగించేటప్పుడు ‘డీవీ ఏవీఐ ఫైలుగానే ఇవ్వండి, డీవీడీ వద్దు’ అని చెప్పండి. టేపులతో పాటు మీ క్యామ్‌కార్డర్ కూడా ఇవ్వండి. కొన్ని టేపులు తీసిన మిషన్‌లో తప్ప మరోదాంట్లో సరిగ్గా ఆడవు. మావయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ టేపులో ఎవరి పెళ్లో, ఎవరి బారసాలో లేబుల్ మీద ఇప్పుడే రాయించండి. ఫైలు వచ్చాక అదే పేరు పెట్టండి.

ఎఫ్‌జడ్1000 ఎక్కడైనా కనిపించి, సందేహం ఉంటే తెల్లగోడ ఫొటో, టార్చి వేసిన లెన్సు ఫొటో రెండూ పెట్టండి, చూసి చెప్తాను.